ఇంజిన్ విప్పే ముందు పెట్రోలు దారి చూడండి

ప్రశ్న: మా నాన్నగారు 2009లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఆరేళ్ళుగా ఇంటి వెనక రేకుల పంచలో పడి ఉంది. ఏపీ 24 నంబరు. ఆయన 2021లో కాలం చేశారు. కిక్ కొడితే దిగుతోంది గానీ బండి స్టార్ట్ కావడం లేదు. ట్యాంకులో తుప్పు పట్టింది, టైర్లు పగిలాయి. ఇంజిన్ మొత్తం దించి బోరు చేయించాలి, 12 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. పాత సామాన్ల వాళ్ళు తూకానికి అడుగుతున్నారు. నా దగ్గర 15 వేలే ఉన్నాయి. రోజూ డ్యూటీకి వెళ్ళడానికి బండి కావాలి. బాగు చేయించమంటారా, వదిలేయమంటారా?
- ఓ పాఠకుడు, సూర్యాపేట

సమాధానం: బాగు చేయించుకోండి. తూకానికి మాత్రం ఇవ్వకండి. కిక్ దిగుతోందని మీరు రాసిన ఆ ఒక్క మాటతోనే సగం భయం తీరింది. పిస్టన్ పట్టేయలేదన్నమాట. పైగా ఈ 97.2 సీసీ ఇంజిన్ కుటుంబానికి చెందిన బళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి, సామాన్ల కోసం ఊళ్ళు పట్టుకుని తిరగక్కర్లేదు. అదే ఏ ఆర్‌ఎక్స్ 100నో అయితే దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పలేం.

అయితే ఆ 12 వేల ఇంజిన్ పని ఇప్పుడే ఒప్పుకోకండి. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అరిగేది బండి తిరిగితే, నిలబడితే కాదు. నిలబడ్డ బండిలో చెడేది పెట్రోలు, రబ్బరు, బ్యాటరీ, కేబుళ్ళు, టైర్లు. ఆరేళ్ళ కిందట బండి నడుస్తూ ఉండి ఆగిపోయిందంటే స్టార్ట్ కాకపోవడానికి మొదటి అనుమానితుడు పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బరేటరే. ఇంజిన్ ఆడకుండా, పొగ చూడకుండా బోరు సంగతి ఎవరూ తేల్చలేరు.

స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు తీయండి. ప్రైవేటు బండి ఆర్‌సీకి గడువు 15 ఏళ్ళు. మీది 2024లోనే తీరిపోయి ఉంటుంది. మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలు. అసలు దెబ్బ ఆలస్య రుసుము దగ్గర ఉంది. కేంద్ర నిబంధన ప్రకారం మోటార్ సైకిల్‌కు నెలకు 300, అంటే ఏడాదికి 3,600. దీనికి తోడు 15 ఏళ్ళు దాటిన బండికి గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. కాబట్టి ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి మీ నంబరు మీద మొత్తం ఎంత కట్టాలో, చలానాలు ఏమైనా ఉన్నాయో రాయించుకు రండి. యజమాని చనిపోయినప్పుడు పేరు మార్పిడికి ఫారం 31, రెన్యువల్‌కు ఫారం 25. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటి చాలు. 75 నుంచి 150 సీసీ లోపు బళ్ళకు 2022లో నిర్ణయించిన ప్రీమియం 714 రూపాయలు, దానిపై జీఎస్టీ. కాగితాలు సరిపడేదాకా బండిని రోడ్డెక్కించకండి. రెన్యువల్ తనిఖీకి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళండి.

ఇంకో రెండు చూపులు పైసా ఖర్చు లేనివి. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీద ఇంజిన్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. తుప్పును గుడ్డతో, డీజిల్‌తో తుడవండి, అంకెల మీద ఉప్పుకాగితం రుద్దకండి. తర్వాత సీటు తీసి, వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, అది ఛాసిస్‌కు కలిసే చోటు, సెంటర్ స్టాండు బిగించే చోటు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. పైపైన పొర రాలితే ఫర్వాలేదు. మొన లోపలికి దిగితే మాత్రం అక్కడే ఆగిపోండి. పుచ్చిన ఛాసిస్ మీద 15 వేలు పెట్టడం దండగే కాదు, ప్రమాదం కూడా.

ఇక పని. ముందు పాత ఆయిల్ దించేయండి. నల్లగా ఉంటే సహజమే. పాల టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయని అర్థం, అప్పుడు ఈ ఆయిల్ మార్పును రెండుసార్లు చేయాలి. 10డబ్ల్యూ30 గ్రేడులో, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అనే గుర్తు) అని ఉన్న ఆయిలే కొనండి. ఈ ఇంజిన్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. లీటరు డబ్బా మొత్తం ఒంపేయకండి. 800 మిల్లీలీటర్ల దగ్గర ఆపి, బండిని సెంటర్ స్టాండు మీద నిలువుగా పెట్టి, ఆయిల్ మట్టం చూసే గేజీని మర బిగించకుండా ఊరికే దించి చూసుకోండి. పై గీత దాటకూడదు.

ప్లగ్గు విప్పేటప్పుడు తొందర వద్దు. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఇనుము, ఆరేళ్ళలో రెండూ అతుక్కుని ఉంటాయి. ముందు చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదించండి, లేకపోతే అదంతా సిలిండర్లో పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగి, 16 నంబరు ప్లగ్ స్పానర్‌తో పావు చుట్టు విప్పి, కొంచెం బిగించి, మళ్ళీ విప్పుతూ తీయండి. బలవంతం చేస్తే హెడ్ మర ఊడి వస్తుంది, అప్పుడు నిజంగానే హెడ్ దించాల్సి వస్తుంది. ప్లగ్గు రంధ్రంలో రెండు టీస్పూన్ల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ప్లగ్గు లేకుండానే పాతిక ముప్పై సార్లు చేత్తో నెమ్మదిగా కిక్ తిప్పండి. రింగులు వదులవుతాయి, హెడ్ దాకా ఆయిల్ చేరుతుంది. ఈ పని చేసేటప్పుడు ప్లగ్ క్యాప్‌ను గాల్లో వదిలేయకండి. దానికి ఒక ప్లగ్గు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కు ఆనించి ఉంచండి. కరెంటుకు దారి లేకపోతే, స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె సీడీఐ దెబ్బతినే అవకాశం ఉంది.

స్పార్క్ పరీక్ష కూడా అలాగే, ప్లగ్గును రంధ్రానికి దూరంగా ఆనించి, దగ్గర్లో పెట్రోలు లేకుండా. నీడలో కనపడేంత నీలి మెరుపు రావాలి. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టే స్టార్ట్ కావడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ బండిలో స్పార్క్‌కు కరెంటు మాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీ తీసేసినా కిక్‌తో స్టార్ట్ కావాలి. మెరుపు రాకపోతే ముందు కొత్త ప్లగ్గు, తర్వాత క్యాప్. అప్పటికీ లేకపోతే తాళం స్విచ్ కప్లర్ విప్పి మళ్ళీ కిక్ కొట్టండి. ఈ బళ్ళలో స్విచ్ ఆఫ్ చేయడమంటే సీడీఐకి వెళ్ళే ఒక వైరును ఎర్త్ చేయడమే. కప్లర్ విప్పగానే మెరుపు వచ్చిందంటే తప్పు తుప్పు పట్టిన స్విచ్‌దే, సీడీఐ కొనక్కర్లేదు. అప్పటికీ లేకపోతే వైర్లు చూడండి. పంచలో నిలబడ్డ బండికి ఎలుక కొరకని వైరు ఉండటం అదృష్టమే. సీటు కింద, ట్యాంకు కింద పూర్తిగా తడిమి చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కూడా తెరవండి, ఎలుకలు గూడు పెట్టే చోటు అదే. సైలెన్సర్ చివర కందిరీగలు మట్టితో మూసేసి ఉంటాయి, తీగతో పొడిచి రాల్చండి. గాలి బయటికి పోకపోతే ఎంత మంచి ఇంజినైనా స్టార్ట్ కాదు.

ఇప్పుడు అసలు రోగి దగ్గరికొద్దాం. కార్బరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున బెల్లం పాకంలా జిగురు మిగిలి, అది జెట్లలో, అంటే పెట్రోలు వెళ్ళే సన్నని రంధ్రాల ముక్కల్లో, ఎండి గట్టిపడుతుంది. చిన్న జెట్టు రంధ్రం సూది మొన కన్నా సన్నం. ఆ ఒక్కటి మూసుకుపోతే బండి స్టార్ట్ కాదు, ఒకవేళ చోక్ మీద అయినా వదలగానే ఆగిపోతుంది. గిన్నె విప్పి పెట్రోలు మీద తేలే ఫ్లోటు, గిన్నె నిండగానే పెట్రోలును ఆపే నీడిల్, రెండు జెట్లు తీయండి. గాలి స్క్రూను తీసే ముందు దాన్ని నెమ్మదిగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అదే లెక్క. రబ్బరు రింగులన్నీ తీశాకే కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టాలి, లేకపోతే అవి ఉబ్బిపోతాయి. అరగంట నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి పెట్టించండి. జెట్టులోకి గుండుసూది, ఇనప తీగ దూర్చకండి. కరెంటు వైరులోని ఒక రాగి పోగు చాలు. ఇనుము రంధ్రాన్ని గీరితే అది పెద్దదై బండి జన్మంతా పెట్రోలు తాగుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే జెట్టు రంధ్రం గుండ్రంగా, చుక్కలా కనపడాలి. నీడిల్ మొన చుట్టూ గీత పడి ఉంటే మార్చేయండి. పెట్రోలు ఆగకుండా కారేది దానివల్లే.

ఆ గిన్నె రబ్బరు రింగు, పెట్రోలు పైపు, ట్యాంకు కింద పెట్రోలు తెరిచి మూసే కాక్ లోపలి వైసర్లు బాగున్నట్టు కనిపించినా మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ బండి తయారైన రోజుల్లో వేసిన రబ్బరు, అందులోనూ ఆరేళ్ళు ఎండిన రబ్బరు, దీనికి మెత్తబడి చీలుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ట్యాంకు తుప్పుకు కొత్త ట్యాంకు కొనకండి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు సరిపోతుంది. ట్యాంకు దించి, పాత పెట్రోలు పూర్తిగా ఒంపి, పెట్రోలు గేజీ ఫ్లోటు, కాక్ విప్పి ఆ రంధ్రాలను రబ్బరు ముక్క, రేకు పట్టీతో బిగించి మూయండి. లోపల ఒక గుప్పెడు చిన్న నట్లు వేసి పది నిమిషాలు బాగా గిలకొట్టి పెచ్చులు రాల్చండి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. తర్వాత లీటరు వేడి నీళ్ళకు 80 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి అంచు దాకా నింపండి. పది లీటర్లకు 800 గ్రాములు. మూత బిగించకుండా ఒక రోజు ఉంచండి, గ్యాస్ బయటికి పోవాలి. పైన రంగు మీద పడకుండా చూసుకోండి. ఒంపేశాక రెండుసార్లు మంచినీళ్ళు, ఒకసారి వంట సోడా కలిపిన నీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. ఆ వెంటనే ఎండలో, వీలైతే గాలి పెట్టించి ఆరబెట్టండి. ఆరిన గంటలోనే మళ్ళీ ఎర్రటి పొర రావడం మొదలవుతుంది కాబట్టి, పావు లీటరు పెట్రోల్లో కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ళ పెట్రోల్లో కలిపే ఆయిల్) కలిపి లోపలంతా తడిసేలా తిప్పి ఒంపేయండి. బాత్రూం యాసిడ్ మాత్రం పోయకండి. తుప్పుతో పాటు రేకునూ తినేస్తుంది, అతుకుల దగ్గర చిల్లులు పడతాయి. చిల్లు పడితే వెల్డింగ్‌కు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలేది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం కూడా తెరిచి ఉందో లేదో చూడండి. అది మూసుకుపోతే బండి నాలుగు కిలోమీటర్లు పోయి ఆగుతుంది, మూత తీయగానే మళ్ళీ నడుస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక కార్బరేటర్లు మార్చిన వాళ్ళున్నారు.

మొదటిసారి స్టార్ట్ చేయడానికి ట్యాంకు అక్కర్లేదు. అర లీటరు కొత్త పెట్రోలు సీసాలో పోసి పైకి వేలాడదీసి పైపుతో కార్బరేటర్‌కు కలపండి. పక్కన తడి గోనె సంచి, ఇసుక బకెట్టు ఉంచుకోండి. చోక్ వేసి కొట్టండి. స్టార్ట్ అయ్యాక రేజు చేయకుండా పది నిమిషాలు ఆడనివ్వండి. క్లచ్ నొక్కి గేరు వేస్తే బండి ముందుకు దూకుతుంటే క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయని అర్థం, వెంటనే కొత్తవి కొనేయకండి. ఇంజిన్ వేడెక్కాక సెంటర్ స్టాండు మీద మొదటి గేరులో వెనక చక్రం తిరుగుతుండగా క్లచ్ పూర్తిగా నొక్కి, వెనక బ్రేకు కొంచెం కొంచెంగా తొక్కండి. చాలాసార్లు విడిపోతాయి. తర్వాత ఇంజిన్ చల్లారాక టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) మాన్యువల్లో ఉన్న కొలతకు ఫీలర్ గేజీతో పెట్టించండి. చెవితో పెట్టే టాపెట్లు వద్దు.

పొగ ఇప్పుడు చూడాలి. మొదటి కొద్ది నిమిషాల తెల్లటి ఆవిరి, సిలిండర్లో మీరు పోసిన ఆయిల్ పొగ లెక్కలోకి రావు. ఇంజిన్ ఇరవై నిమిషాలు ఆడాక చూడండి. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బరేటర్ లేదా ఎయిర్ ఫిల్టర్ సంగతి. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేసినప్పుడే నీలి పొగ కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్, చిన్న ఖర్చు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలి పొగ వదలకుండా వస్తే, ఆయిల్ తగ్గుతూ ఉంటేనే రింగులు, బోరు. అప్పుడు కూడా ఒక పరీక్ష ఉంది. కంప్రెషన్ గేజీ పెట్టి కొలిచి, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. బాగా పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వులు. బోరే అయితే లేత్ వాళ్ళు కొలిచి చెప్పే సైజుకు, 0.25 మి.మీ. మెట్టు చొప్పున కోస్తారు. ముందు పిస్టన్ కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోయించాలి. బోరు కోసి పిస్టన్ కోసం వెతికితే సందు తేడా వస్తుంది. మీ మెకానిక్‌ను తప్పుపట్టడం కాదు గానీ, ఈ పరీక్షలేవీ చేయకుండా 12 వేలు చెప్పారు. ఇవి చేసి చూపిస్తే ఆయనకే పని ఇవ్వండి.

ఇంజిన్ కుడి పక్క మూత ఎప్పుడు విప్పినా లోపలి గుండ్రటి ఆయిల్ ఫిల్టర్ గిన్నెను, కింద జల్లెడను శుభ్రం చేయించండి. ఈ ఇంజిన్లో మార్చే కాగితం ఫిల్టర్ లేదు, మడ్డి అంతా అందులోనే పేరుకుంటుంది. మూతకు కొత్త ప్యాకింగ్ వేయాలి.

బండి ఆడిందన్న సంతోషంలో చాలామంది ఇక్కడే రంగు వేయించడానికి వెళతారు. ముందు ఆగే బండి కావాలి. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2314 అంటే 2014లో 23వ వారం. పగుళ్ళున్న టైరు గట్లు ఎంత ఉన్నా పనికిరాదు. రెండూ 2.75-18 సైజు, ట్యూబులు, రిమ్ము పట్టీలతో సహా కొత్తవి. గాలి ముందు 25, వెనక ఒక్కరికైతే 28. బ్రేక్ డ్రమ్ములు విప్పి తుప్పును 120 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. షూలు మార్చి, వాటిని తెరిచే కామ్ తీసి పాత గ్రీజు గీకి పలచగా కొత్తది రాయండి. ఆగి ఉన్న బళ్ళలో బ్రేకు పట్టి వదలకపోవడానికి కారణం షూలు కాదు, ఎండిన ఈ కామ్. ముందు బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళు మూడూ మార్చండి. తెగేది ఎప్పుడూ లివరు దగ్గర గుండు కింద, కంటికి కనపడని చోట.

చైన్‌ను వెనక స్ప్రాకెట్ మధ్యలో పట్టుకుని లాగితే పంటి నుంచి ఎత్తుగా వస్తోందా? అయితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. పాత పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే ఆరు నెలలు ఆగదు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో ఒక గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది. ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ తడి ఉంటే సీళ్ళు. గొట్టం మీద తుప్పు గుంటలుంటే కొత్త సీలూ నెలలో కారుతుంది, ఆ సంగతి ముందే చూసుకోండి. బ్యాటరీ చివర్లో, హారన్‌కు, ఇండికేటర్లకు, బ్రేకు లైటుకు కావాలి. తనిఖీలో ఇవన్నీ చూస్తారు.

డబ్బు లెక్క రమారమి ఇలా ఉంటుంది, షాపును బట్టి అటూ ఇటూ అవుతుంది. టైర్లు, ట్యూబులు 3,800. చైన్ సెట్ 1,200. షూలు, కేబుళ్ళు 1,000. కార్బరేటర్ కిట్టు, పైపు, కాక్ 700. రెండుసార్లు ఆయిల్, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ 1,200. బ్యాటరీ 900. కోన్ సెట్, ఫోర్కు సీళ్ళు, ఆయిల్ 900. కూలీ 2,300. మొత్తం 12 వేలు. మిగిలిన మూడు వేలు కాగితాలకు చాలకపోవచ్చు, అందుకే ఆర్టీఏ అంకె ముందు తెచ్చుకోమన్నాం. అది పెద్దదైతే కోన్ సెట్ బాగుందేమో చూసి దాన్ని, బాగా నడుస్తుంటే చైన్ సెట్‌ను రెండు మూడు నెలలు వాయిదా వేయండి. టైర్లు, బ్రేకులు వాయిదా వేయకండి.

మీ ఊరు హైదరాబాద్ - విజయవాడ దారిలో ఉంది కాబట్టి అటు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, ఇటు విజయవాడ ఆటోనగర్‌లో గానీ ఒకే ట్రిప్పులో అన్నీ తెచ్చుకోవచ్చు. పాత సామాను గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్ళి పక్కపక్కన పెట్టి కొనండి. చైన్, బ్రేక్ షూ, నీడిల్ కంపెనీవి తీసుకోండి. సైడు డోరు, మడ్‌గార్డు, లైటు అద్దం లాంటివి సెకండ్ హ్యాండ్‌వి అయినా నష్టం లేదు.

రోడ్డెక్కాక మొదటి 300 కిలోమీటర్లకు ఆయిల్ మళ్ళీ దించండి, లోపల కరిగిన మడ్డి అందులో వస్తుంది. అప్పుడే కార్బరేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి కాసిని పెట్రోలు గాజు గ్లాసులో పట్టండి. ఎర్రటి నలుసు కనపడితే ట్యాంకును ఇంకోసారి నిమ్మ ఉప్పుతో కడగండి. రెండు వారాలకు మించి బండి తీయని సందర్భం వస్తే కాక్ కట్టేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా ఆడించి నిలపండి.